ఆడగలడా, ఆడించాలా? ఫూటీ అభిమానుల గురువారం వాదన

2022 సెప్టెంబరు 24. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్) గ్రాండ్ ఫైనల్, జీలాంగ్‌కూ సిడ్నీకీ మధ్య. ఆ వారమంతా రెండు ఊళ్ల అభిమానుల నోళ్లలోనూ నానిన పేర్లు రెండు: జీలాంగ్ కుర్రాడు మ్యాక్స్ హోమ్స్, సిడ్నీ సీనియర్ శామ్ రీడ్. అంతకు ముందు వారం ప్రిలిమినరీ ఫైనల్లో (మన సెమీఫైనల్ లాంటిది) ఇద్దరికీ కండరాలు దెబ్బతిన్నాయి. హోమ్స్‌కు తొడ వెనక, రీడ్‌కు తొడ లోపలి వైపు. ఇద్దరూ ఎలాగైనా ఆడాలనుకున్నారు. చివరికి జీలాంగ్ కోచ్ క్రిస్ స్కాట్ హోమ్స్‌ను పక్కన పెట్టి, ఐర్లండ్ నుంచి వచ్చిన మార్క్ ఓకానర్‌ను తీసుకున్నాడు. సిడ్నీ కోచ్ జాన్ లాంగ్‌మైర్ రీడ్‌ను ఆడించాడు. ఆట మధ్యలోనే రీడ్ వల్ల కాలేదు, బయటికొచ్చేశాడు. తుది స్కోరు జీలాంగ్ 133, సిడ్నీ 52.

"గాయంతో ఉన్నవాణ్ని దింపితే ఇంతే మరి" అని ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ ఉదాహరణగా చెబుతుంటారు. నాకు ఆ లెక్క సరిగ్గా కనిపించదు. మొదటి క్వార్టర్ ముగిసేసరికే జీలాంగ్ 35 పాయింట్లు ముందుంది. రీడ్ నిండు ఆరోగ్యంతో ఉన్నా సిడ్నీ గెలిచేది కాదు. అలాగని అతన్ని ఆడించడం మంచి నిర్ణయమని కూడా అననుగానీ, అది ఎందుకు తప్పో స్కోరు బోర్డు చెప్పదు. వాదన దారి తప్పేది ఇక్కడే. "ఫిట్‌గా ఉన్నాడా లేడా" అని అందరూ ఒకే ప్రశ్నలా అడుగుతారు. దాని లోపల విడివిడి ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. గాయం మానిందా? ఆట మధ్యలో తిరగబెడితే జట్టు ఏమవుతుంది? అతను లేకపోతే ఆ చోట నిలబడేది ఎవరు? రేపు ఆ ఒంటితో బతకాల్సింది ఎవరు? ఒక అభిమాని మొదటి ప్రశ్నకు జవాబిస్తుంటే ఎదుటివాడు మూడోదాని గురించి మాట్లాడుతుంటాడు. అందుకే గురువారం మొదలైన గొడవ శనివారం దాకా తెగదు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను అక్కడివాళ్లు ముద్దుగా ఫూటీ అంటారు. కోలగా ఉండే బంతితో, చాలావరకు క్రికెట్ మైదానాల మీదే ఆడతారు. 2024 డిసెంబరులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు సెంచరీ కొట్టిన ఎంసీజీ, చలికాలంలో ఈ ఆటకు గుండెకాయ. మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది. క్వార్టర్‌కు 20 నిమిషాలు అంటారుగానీ బంతి ఆగిన సమయాన్ని కలుపుతారు కాబట్టి ఒక్కోటీ అరగంట దాకా సాగుతుంది. నిలబెట్టిన నాలుగు కర్రల్లో నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒకటే. ఆఫ్‌సైడ్ లేదు, కాబట్టి ఆటగాడికి నాలుగు వైపుల నుంచీ దెబ్బ తగలొచ్చు. మిడ్‌ఫీల్డర్లు ఒక మ్యాచ్‌లో పన్నెండు కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతారు. ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి బంతి పట్టడం ఇందులో కళ. ఇలాంటి ఆటలో గాయాలు తప్పవు.

మంగళవారం జాబితా, గురువారం జట్టు

ప్రతి మంగళవారం క్లబ్బులన్నీ గాయాల జాబితా ఇస్తాయి. పేరు, గాయమైన చోటు, ఎన్ని వారాలు. కొందరి పేరు పక్కన వారాల లెక్క బదులు "టెస్ట్" అని ఉంటుంది. అంటే వారం చివర్లో పరీక్షించి చూస్తారన్నమాట. అభిమానికి నిద్ర పట్టనివ్వనిది ఆ ఒక్క మాటే. శుక్ర, శనివారాల్లో ఆడే జట్లను గురువారం సాయంత్రం ప్రకటిస్తారు. ఆదివారం ఆడేవాళ్లు గురువారం కొంచెం పెద్ద జాబితా ఇచ్చి, మర్నాడు దాన్ని కుదిస్తారు. వీళ్లతో పాటు కొందరిని ఎమర్జెన్సీలుగా ప్రకటిస్తారు. ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే వాళ్లలో ఒకడు లోపలికొస్తాడు.

తప్పించినవాడి పేరు పక్కన కారణం రాస్తారు. గాయమైతే గాయమని, ఫామ్ లేక తీసేస్తే తీసేశారని. మూడో రకం ఒకటుంది, "మేనేజ్డ్". ఒళ్లు అలిసిందని విశ్రాంతి ఇచ్చారని పైకి అర్థం. ముప్పై దాటిన ఆటగాడి మోకాలు కావచ్చు, చిన్న నొప్పి పెద్దది కాకముందే ఆపడం కావచ్చు, మర్యాదగా తప్పించడమూ కావచ్చు. బయటివాళ్లకు తేడా తెలియదు.

తెలియకపోవడం ఈ వాదనలన్నింటికీ పునాది. స్కానింగ్ రిపోర్టు క్లబ్బు డాక్టర్ల దగ్గర ఉంటుంది. అది ఎదుటి జట్టుకు తెలియకూడదని కోచ్ కోరిక, నిజానికి అది ఆటగాడి సొంత వైద్య వివరం కూడా. లోపలి సమాచారాన్ని పందేలు కాసేవాళ్లకు చేరవేయడం లీగ్ నియమాల ప్రకారం నేరం. మరోవైపు ఊహా జట్లు కట్టే ఆటలైన ఏఎఫ్ఎల్ ఫాంటసీ, సూపర్‌కోచ్ ఆడే లక్షల మందికి ఒక్క ఆటగాడు చివరి గంటలో తప్పుకుంటే వారం పాయింట్లు గల్లంతు. కాబట్టి అందరూ ఆధారాలు వెతుకుతారు. ప్రాక్టీసు వీడియోలో అతను నేరుగా పరుగెత్తాడా, మలుపు తిరిగాడా, తొడకు పట్టీ ఉందా, గోల్ ప్రాక్టీసులో కుడికాలు వాడాడా అని. ఇందులో మలుపు తిరగడం గురించిన ప్రశ్న మాత్రం నిజంగా పనికొచ్చేదే.

ఎందుకంటే కండరాల గాయాల గుణం అది. లీగ్ 1992 నుంచి గాయాల లెక్కలు కడుతోంది, ఆటగాళ్లను ఎక్కువగా బయట కూర్చోబెట్టేది తొడ వెనకాల పట్టే హామ్‌స్ట్రింగ్ గాయమేనని అవి చెబుతూనే ఉన్నాయి. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, కిందికి వంగి బంతి తీసుకుంటూనే పరుగు పెంచేటప్పుడు ఆ కండరం సాగిన స్థితిలో బలంగా పని చేయాలి. తెగిన తాడును ముడేస్తే మామూలు బరువుకు నిలుస్తుంది, గట్టిగా గుంజినప్పుడే దాని సంగతి బయటపడుతుంది. హామ్‌స్ట్రింగ్ కూడా అంతే. నడకలో నొప్పి లేదు, జాగింగ్‌లో లేదు, ప్రాక్టీసులో తొంభై శాతం వేగంతో పరుగెత్తినా లేదు. మ్యాచ్‌లో ఎవడో వెనక నుంచి తరుముకొస్తే పెట్టే ఆ చివరి పది శాతమే అసలు పరీక్ష. ప్రాక్టీసులో దాన్ని పెట్టి చూడటమంటే గాయాన్ని తిరగబెట్టుకునే ప్రమాదం తీసుకోవడమే. కండరం మాత్రమే చిరిగిందా, లోపలి స్నాయువు కూడా దెబ్బతిన్నదా అన్నదాన్ని బట్టి మూడు వారాలు మూడు నెలలు కావచ్చు. "టెస్ట్‌లో పాసయ్యాడు" అన్న వార్త వినగానే గంతులేసే అభిమానికి చెప్పాల్సింది ఇదే. ఆ పాస్ మార్కు శుక్రవారం ఉదయం అతను ఎలా ఉన్నాడో చెబుతుంది, శనివారం నాలుగో క్వార్టర్ గురించి దానికేమీ తెలియదు.

హోమ్స్ విషయంలో స్కాట్ చూసింది దాన్నే అనుకుంటాను. హోమ్స్ బలమంతా అతని పరుగులో ఉంది. తల్లి లీ నేలర్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు పరుగెత్తిన క్రీడాకారిణి. పరుగు మీద ఆధారపడిన ఆటగాడికి తొడ వెనక అనుమానం ఉంటే అతన్ని జట్టులోకి తీసుకున్న కారణమే సందేహంలో పడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు గ్రాండ్ ఫైనల్ పోగొట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటే చూసినవాళ్లకు మనసు కలుక్కుమంది. అయినా ఆ నిర్ణయం, ఆట మొదలయ్యే ముందు తెలిసిన సమాచారం ప్రకారమే సరైనది.

బెంచి లెక్క

రెండో ప్రశ్న, ఆట మధ్యలో తిరగబెడితే ఏమవుతుందన్నది, చాలా వాదనల్లో అసలు వినిపించదు. నా దృష్టిలో అన్నింటికంటే ముందు అడగాల్సింది అదే.

ఫూటీలో బెంచి మీద ఉన్నవాళ్లు మన క్రికెట్ పన్నెండో ఆటగాడిలా నీళ్లు మోసేవాళ్లు కారు. ఆట సాగుతుండగానే లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటారు. ఐదారు నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తి బయటికి, ఊపిరి తీసుకుని మళ్లీ లోపలికి. 2021 నుంచి ఒక మ్యాచ్‌కు 75 మార్పులే అనుమతి. బెంచిలో నలుగురుంటే ఒకడు మొదటి క్వార్టర్లోనే కుంటుతూ పోయాడనుకోండి, మిగతా ముగ్గురితోనే ఆ చక్రం తిరగాలి. నష్టం అప్పుడే కనిపించదు. నాలుగో క్వార్టర్లో మిడ్‌ఫీల్డర్ల కాళ్లు బరువెక్కి, ఎదుటి జట్టు వరసగా మూడు గోల్స్ కొట్టినప్పుడు కనిపిస్తుంది. ఆడలేకపోయిన ఒక్కడి భారం ఇరవై ఒక్క మంది మోస్తారు.

ఈ దెబ్బను తగ్గించడానికి లీగ్ చాలా తంటాలు పడింది. 2011 నుంచి 2015 దాకా ముగ్గురు బెంచి ఆటగాళ్లు, ఒక్కసారే దిగగలిగే ఒక సబ్‌. తరువాత సబ్ తీసేసి నలుగురు బెంచి. 2021లో గాయపడినవాడి స్థానంలో మాత్రమే రాగలిగే మెడికల్ సబ్‌ను తెచ్చారు. 2023 నుంచి ఏ కారణానికైనా దింపుకోవచ్చన్నారు. అదే ఏడాది ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చిందని మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సబ్ ఒక్కసారి వస్తే ఉండిపోయేవాడు, ఎవరి బదులు వచ్చాడో వాడు మళ్లీ వచ్చేవాడు కాదు.

ఈ సబ్ స్థానం గాయాల లెక్కను ఎలా మార్చిందో చెప్పడానికి 2025 కంటే మంచి ఉదాహరణ లేదు. బ్రిస్బేన్ కెప్టెన్లలో ఒకడైన లాకీ నీల్‌కు ఫైనల్స్ మొదటి వారంలో జీలాంగ్ మీద ఆడుతూ పిక్క కండరం చిరిగింది. ఆ ఏడాదికి అతని ఆట అయిపోయినట్టే అనుకున్నారు. మూడు వారాల తరువాత గ్రాండ్ ఫైనల్‌కు బ్రిస్బేన్ అతన్ని సబ్‌గా ప్రకటించింది. ఎదురుగా మళ్లీ జీలాంగే. విరామం తరువాత దిగిన నీల్ మధ్య మైదానాన్ని చేతిలోకి తీసుకున్నాడు, ఒక గోల్ కొట్టాడు. బ్రిస్బేన్ 122, జీలాంగ్ 75.

నీల్ రావడం వల్లే గెలిచారని కొందరు, ఎలాగూ గెలిచేవాళ్లేనని కొందరు అంటారు. నాకు నచ్చింది ఆ పందెం కట్టిన తీరు. నీల్ పిక్క తిరగబెట్టినా అతను సగం ఆట తరువాతే దిగుతాడు కాబట్టి అప్పటిదాకా నలుగురి బెంచి పదిలం. నాలుగు క్వార్టర్ల భారం కాలి మీద పడదు. సిడ్నీ 2022లో రీడ్‌ను మొదటి నిమిషం నుంచి దింపింది. 2024లో చీలమండ నొప్పితో అనుమానంలో ఉన్న లోగన్ మెక్‌డొనాల్డ్‌ను కూడా మొదటి నుంచే ఆడించింది, అతనూ మధ్యలోనే బయటికొచ్చాడు. ఆ మ్యాచ్ బ్రిస్బేన్ చేతిలో 60 పాయింట్ల తేడాతో పోయింది. అదే వారం కెప్టెన్ కాలమ్ మిల్స్‌ను హామ్‌స్ట్రింగ్ కారణంగా పక్కన పెట్టే కఠినత్వం మాత్రం సిడ్నీ చూపించింది. గాయమున్నవాణ్ని ఆడించాలా వద్దా అన్నదాని కంటే ఎక్కడ, ఎంతసేపు ఆడించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. అభిమానుల వాదన "లోపల" "బయట" అన్న రెండు గదుల మధ్యే తిరుగుతూ దీన్ని వదిలేస్తుంది.

ఖాళీ చోటు ఎవరిది

ఐపీఎల్‌లో ఒకడు గాయపడితే బయటి నుంచి ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చు. ఏఎఫ్ఎల్‌లో సీజన్ మధ్యలో జరిగే చిన్న డ్రాఫ్టు (క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకోవడం) తప్పిస్తే ఆ వెసులుబాటు లేదు. నలభైకి పైగా ఉన్న సొంత జాబితాలోంచే ఎంచుకోవాలి. జట్టులో చోటు దొరకనివాళ్లు విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర లీగుల్లో ఆడుతుంటారు. "అక్కడ ముప్పై సార్లు బంతి పట్టాడు, ఇంకెప్పుడు తీసుకుంటారు" అన్నది ప్రతి క్లబ్బు అభిమాని నోటా వినే మాట.

ఆ మాట నిజమైన సందర్భం ఒకటుంది. 2019లో రిచ్‌మండ్ ఆటగాడు జాక్ గ్రాహమ్‌కు ప్రిలిమినరీ ఫైనల్లో భుజం దెబ్బతింది. గ్రాండ్ ఫైనల్‌కు అతని బదులు మార్లియన్ పికెట్ వచ్చాడు. ఆ ఏడాదే సీజన్ మధ్య డ్రాఫ్టులో 27 ఏళ్ల వయసులో తీసుకున్నవాడు, అంతకు ముందు ఏఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. గ్రాండ్ ఫైనల్లో అరంగేట్రం చేయడం 1952 తరువాత అదే మొదటిసారి. పికెట్ 22 సార్లు బంతి అందుకుని, ఒక గోల్ కొట్టాడు. రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది. వారం ముందు రాష్ట్ర లీగు ఫైనల్లో మేటి ఆటగాడు అతనే.

కానీ ఎక్కువసార్లు ప్రశ్న ఫామ్‌ది కాదు, ఆకారానిది. పొడవాటి ఫార్వర్డ్ పోతే పొడవాటివాణ్నే తేవాలా, చురుకైన పొట్టివాణ్నా? 2023లో కాలింగ్‌వుడ్ ఫార్వర్డ్ డాన్ మెక్‌స్టే మోకాలు గ్రాండ్ ఫైనల్ ముందు దెబ్బతింది. కోచ్ క్రెయిగ్ మెక్‌రే తీసుకున్నది బిల్లీ ఫ్రాంప్టన్‌ను. గోల్స్ కొడతాడని కాదు. బ్రిస్బేన్ రక్షణకు వెన్నెముక లాంటి హారిస్ ఆండ్రూస్ ఎగిరి బంతులు లాక్కోకుండా అడ్డుపడుతూ ఉండటమే ఫ్రాంప్టన్ పని. అంకెల పట్టికలో ఫ్రాంప్టన్ పేరు పక్కన పెద్దగా ఏమీ లేదు. కాలింగ్‌వుడ్ 90, బ్రిస్బేన్ 86. నాలుగే పాయింట్ల తేడా ఉన్న మ్యాచ్‌లో ఆండ్రూస్ ఇంకో నాలుగు బంతులు పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడాది బ్రిస్బేన్‌కు ఇలాంటి అవసరమే వచ్చింది. 2024 ప్రిలిమినరీ ఫైనల్లో రక్‌మన్ ఆస్కార్ మెకినర్నీ (అంపైర్ ఎగరేసిన బంతి కోసం పోటీపడే పొడవాటి ఆటగాణ్ని రక్‌మన్ అంటారు) భుజం జారితే డార్సీ ఫోర్ట్‌ను తెచ్చుకుని, రక్‌మన్ చోట రక్‌మన్‌నే నిలబెట్టి కప్పు గెలిచింది. ఎంపిక గురించి వాదించేటప్పుడు "ఎవడు మంచి ఆటగాడు" అన్నదాని కంటే "ఎదుటివాళ్లలో ఎవడికి ఊపిరాడకుండా చేయాలి" అన్నది చూస్తే చాలా నిర్ణయాలు అర్థమవుతాయి.

ఒంటి ఖరీదు

2003 గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ ఆటగాడు నైజెల్ లాపిన్ విరిగిన పక్కటెముకలతో ఆడాడు. ఊపిరితిత్తికి చిల్లు పడిందని తరువాత తేలింది. బ్రిస్బేన్ వరసగా మూడో కప్పు గెలిచింది, లాపిన్ కథ వీరగాథ అయింది. ఆ తెగువను తక్కువ చేయలేను. కానీ దాన్ని కొలబద్దగా పెట్టి నేటి ఆటగాణ్ని పిరికివాడనడం అన్యాయం. ఆటగాడు ఎప్పుడూ "ఆడతాను" అనే అంటాడు. ఆ మాటను లెక్కలోంచి తీసేయాల్సింది డాక్టరూ కోచూ.

తల విషయంలో లీగ్ ఆ పని నియమంతోనే చేసింది. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయితే కనీసం 12 రోజులు ఆడకూడదని 2021లో పెట్టారు. 2025 ప్రిలిమినరీ ఫైనల్లో జీలాంగ్ డిఫెండర్ టామ్ స్టీవర్ట్ తలకు దెబ్బ తగిలింది. గ్రాండ్ ఫైనల్‌కు ఎనిమిది రోజులే. టెస్టు లేదు, వాదన లేదు, స్టీవర్ట్ లేడు. జట్టులో కీలకమైనవాడు, అయినా ఆ నిర్ణయం ఎవరి చేతిలోనూ లేకపోవడమే మంచిది.

దానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. పాత తరం దిగ్గజం గ్రాహమ్ పాలీ ఫార్మర్ చనిపోయాక అతని మెదడులో సీటీఈ, అంటే తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన జబ్బు, ఉందని 2020లో బయటపడింది. 2023 ఫైనల్స్‌లో తలకు తగిలిన దెబ్బ తరువాత మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా 2024 ఫిబ్రవరిలో, స్కానింగులు చూసి, ఆట మానేశాడు. కాలింగ్‌వుడ్ కప్పు గెలిచిన ఆ 2023 గ్రాండ్ ఫైనల్లో మొదటి క్వార్టర్లోనే తలకు దెబ్బ తగిలి బయటికొచ్చిన నేథన్ మర్ఫీ కూడా మరుసటి ఏడాదే రిటైరయ్యాడు. పిక్క తిరగబెడితే వచ్చే సీజన్ నాటికి మానుతుంది. మోకాలి లోపలి లిగమెంటు, ఏసీఎల్, తెగినా ఏడాదికి తిరిగి రావచ్చు. విల్ ఆష్‌క్రాఫ్ట్‌కు 2023 జూలైలో తెగింది, 2024 గ్రాండ్ ఫైనల్లో మేటి ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనికే, 2025లో మళ్లీ అతనికే. తలకు అలాంటి రెండో అవకాశం ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. స్థానిక క్లబ్బుల స్థాయి ఫూటీలో ఈ విరామం 21 రోజులు. పెద్ద లీగులో వైద్యుల పర్యవేక్షణ ఎక్కువని 12 రోజులకే ఒప్పుకుంటున్నారు. నన్నడిగితే అక్కడా పెంచాలి. మెల్‌బోర్న్‌లో మన తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఆస్‌కిక్ అనే పిల్లల ఫూటీ శిక్షణకు వెళ్తున్నారు. వాళ్లు చూసి నేర్చుకునేది పెద్ద లీగునే.

2026 నుంచి లీగ్ సబ్‌ను తీసేసి ఐదుగురు బెంచి ఆటగాళ్లను పెట్టింది, మార్పులు మాత్రం 75 దాటకూడదు. ఒకడు మధ్యలో పడిపోయినా నలుగురు మిగులుతారు కాబట్టి గాయం అనుమానం ఉన్నవాణ్ని దింపే సాహసం కోచ్‌లకు మునుపటి కంటే చవకవుతుంది. అదే సమయంలో 2025లో నీల్‌ను దాచిపెట్టినట్టు సగం ఆట దాకా ఒకణ్ని పక్కన ఉంచితే మిగతావాళ్ల విశ్రాంతి తగ్గుతుంది. గురువారం జట్టు రాగానే బెంచిలో ఐదో పేరు చూడండి. అక్కడ రెండో రక్‌మన్ ఉన్నాడా, పరుగు పెట్టే కుర్రాడున్నాడా, మంగళవారం జాబితాలో "టెస్ట్" అని ఉన్నవాడున్నాడా అన్నదాన్ని బట్టి ఆ కోచ్ ఏ ప్రశ్నకు జవాబిచ్చాడో తెలుస్తుంది. వాదన అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.